గాజు మీద దారి తప్పిన వేళ్ళు

ఒళ్ళో అకార్డియన్ పెట్టె, పెట్టె మీద ఫోను, ఫోనులో ఎవరో కొత్త మనిషి. నిన్న పడుకునేటప్పుడు నా ఫోను నాదే. పొద్దున లేచి వేలు పెట్టేసరికి "తమ పరికరము నవీకరించబడినది, స్వాగతము" అని సముద్రం అవతలి స్పెయిన్ యాసలో ఒకావిడ పలికింది. ఏ జడ్జీగారి భార్యో అయి ఉంటుంది, ఆ నిదానం, ఆ మర్యాద, ఒక్కో అక్షరాన్నీ కడిగి ఆరబెట్టినట్టు. ఏడేళ్ళ వయసు నుంచి చూపు లేనివాణ్ణి, నాకు ఫోనంటే గొంతే. పదకొండేళ్ళు ఒకే గొంతుతో కాపురం చేశాక తెల్లారేసరికి అది మారిపోతే ఎలా ఉంటుందో కళ్ళున్నవాళ్ళకి ఏమని చెప్పను. వాళ్ళకేమో బొమ్మలు గుండ్రంగా అయ్యాయట, అద్దం అడుగున నీళ్ళున్నట్టు మెరుస్తోందట. "అందరికీ వచ్చిందిలే అన్నయ్యా, ముద్దుగానే ఉంది" అంది మా చెల్లెలు కాఫీ ఇస్తూ. ముద్దు, నా బొంద. ఇంకో రోజు రాకూడదా ఈ అప్‌డేట్, పోయిన వారం వచ్చుంటే ఏం పోయింది, వచ్చే నెల వస్తే ఎవడు వద్దన్నాడు. సరిగ్గా ఈ శుక్రవారమే రావాలా. ఈ పొద్దున పదిలోపు నూరిస్ జవాబు రాస్తానంది, నేనేమో సోలెదాద్ పేట నుంచి బరాంకియా ఊళ్ళోకి పోయే బస్సులో, మనుషుల మధ్య ఇరుక్కుని, ఆ జవాబు ఎక్కడికొచ్చి పడుతుందో తెలియక కూర్చున్నాను.

నూరిస్ కార్నివాల్ పండగ బట్టలకి తళుకులు కుట్టే మనిషి. మొగుడు పోయి ఆరేళ్ళయింది, అత్తగారింట్లోనే ఉంటోంది. ఆ పెద్దావిడ, డోన్యా నీంఫా, ఇప్పటికీ వీధిలో కొత్తవాళ్ళు కనిపిస్తే "ఇది మా అబ్బాయి భార్య" అనే చెబుతుంది. కోడలి నోట ఇంకో మగాడి పేరు వింటే ఆవిడ ఏమైపోతుందోనని నూరిస్ భయం. అందుకే మూడేళ్ళుగా మా సంగతి నాకూ, తనకూ, నా ఫోనుకూ తప్ప నాలుగోవాడికి తెలియదు. వాళ్ళది ఒకే గది, మధ్యలో చెక్క తడిక, గొంతు విప్పితే అత్తగారు వింటుంది, అందుకని ఊళ్ళో అందరిలా మాట పలికి పంపించదు, రాసి పంపుతుంది. ఫోను చదువుతుంది, నేను వింటాను. మొన్న ఆదివారం వీధిలో పక్కన నడుస్తూ అడిగేశాను, నా దగ్గరికి వచ్చెయ్, పెద్దావిడని కూడా తీసుకొచ్చెయ్, నాకు రెండు గదులున్నాయి అని.  ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. "శుక్రవారం పొద్దున పదిలోపు రాస్తాను, బాగా విను" అంది. బాగా విను ఏమిటి, వినడమే కదా నా పని, చెవులమ్ముకుని బతికేవాణ్ణి నేను, అకార్డియన్ శ్రుతి చేసేవాడికి వినమని చెప్పాలా. నవ్వుకున్నాను కూడా అప్పుడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మెసేజీల గుర్తు పై నుంచి మూడో వరుస, ఎడమ నుంచి రెండోది, నిద్రలో కూడా వేలు పోయేది. ఇప్పుడక్కడ వేలు పెడితే "వాతావరణము, గాలులు బలముగా వీచుచున్నవి" అంటుంది. అవును తల్లీ, జనవరిలో బరాంకియాలో గాలి వీచక ఏం చేస్తుంది, కిటికీలోంచి నా టోపీ ఎగిరిపోతోంది, నువ్వు చెప్పాలా. పైకి లాగితే మొదటికి వచ్చేది, ఇప్పుడు పైకి లాగితే "అటు పోవుటకు వీలు లేదు". మూడు వేళ్ళు పెడితే ఊరుకునేది, ఇప్పుడు మూడు వేళ్ళు పెడితే ఏదో కిటికీ తెరుచుకుంటుంది, అదేమిటో చెప్పదు. గురువుగారు ఫెర్మీన్ ఒకసారి నన్ను పరీక్షించడానికి బల్ల మీద పనిముట్లన్నీ తారుమారు చేసి పెట్టారు, ఆకురాయి ఉండాల్సినచోట మైనం, మైనం చోట పిన్నులు. పదహారేళ్ళవాణ్ణి, ఏడ్చేశాను. "చేతులకి అలవాటు ఎక్కువైతే చెవులు నిద్రపోతాయిరా" అన్నారాయన. ఆయన పోయి పదిహేనేళ్ళయింది, ఎక్కడున్నారో, మళ్ళీ అదే పని చేసి పోయారనిపిస్తోంది. డ్రైవర్ పెట్టిన పాటలో అకార్డియన్ మూడో రీడు, అదే స్వరం పలికే రేకు, కాస్త దిగి ఉంది, ఎవడు చేశాడో శ్రుతి. ఎందుకో అదొక్కటే ఈ పొద్దున నాకు అర్థమవుతున్న సంగతి.

గొంతు మారితే మారింది, వేగం పోయింది, అసలు బాధ అది. పాత గొంతుని మూడింతల వేగంలో పెట్టుకున్నాను. మొదట్లో రెండింతలు, తర్వాత రెండున్నర, చెవి పదునెక్కేకొద్దీ పెంచుకుంటూ పోయాను. పక్కవాడికి చిమ్మెట రొద, నాకు స్పష్టమైన మాట. "అదేంటి మాస్టారూ, మీ ఫోనులో పురుగు దూరిందా?" అనేవాళ్ళు, నాకు భలే గర్వంగా ఉండేది. ఇయర్‌ఫోన్లు లేకపోయినా భయం లేదు, పదిమంది మధ్య నూరిస్ రాసింది విని, జేబులో పడేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాణ్ణి. మాకున్న తలుపూ గొళ్ళెమూ ఆ వేగమే. నిజం చెప్పాలంటే మొత్తం కూడా వినేవాణ్ణి కాదు. మొదటి ముక్క, చివరి ముక్క, అంతే, మధ్యలోది వేలితో దాటేసేవాణ్ణి, ఆడవాళ్ళ ఉత్తరంలో మధ్యలో ఏముంటుంది, అత్తగారి మోకాళ్ళూ, దారం దొరకలేదూ, వాన పడిందీ. ఇవాళ ఈ జడ్జీగారి భార్య నత్తనడక నడుస్తూ, బస్సు మొత్తానికి వినబడేలా, ప్రతి ముక్కా పలుకుతుంది. వేగం పెంచే చోటు ఎక్కడో ఉంటుంది, ఉండి తీరాలి, ఆ చోటికి పోయే దారి మారిపోయింది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పోదా అనుకున్నాను. "జత కుదరలేదు" అంది. మళ్ళీ పెట్టాను. "జత కుదరలేదు." పక్క సీట్లో వేపిన వేరుశనక్కాయల వాసనతో ఒక పెద్దావిడ కూర్చుంది, ఆవిడ కిసుక్కున నవ్వింది. శబ్దం తగ్గిద్దామని పక్క మీట నొక్కితే "గంట శబ్దము తగ్గించబడినది" అని గట్టిగా చాటింది, తన గొంతు మాత్రం రవ్వంత తగ్గించుకోలేదు. పూర్తిగా ఆపేద్దామా? ఆపేస్తే ఇంకేముంది, గాజు పలక, పదిలోపు వచ్చే జవాబు వచ్చినట్టు కూడా తెలియదు. తడుముతుంటే వేలు ఎక్కడికి జారిందో మరి, "చిత్రము" అంది. నాకు తెలుసు ఆ ఫోటో, రెండేళ్ళ కిందట నూరిస్ పంపింది, పాత గొంతు ఫోటో అని ఊరుకునేది, అంతకు మించి దానికి చేతకాదు. ఈవిడ ఊరుకోలేదు. "చిత్రములో ఒక స్త్రీ. ఆకుపచ్చని దుస్తులు. బహుశా విచారముగా ఉన్నది."

విచారమా. రెండేళ్ళుగా అది నవ్వుతున్న ఫోటో. "నవ్వుతున్నాను చూడు" అని తనే రాసింది, నేను ఆ నవ్వుని జేబులో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడీ యంత్రం విచారమంటోంది, మళ్ళీ బహుశా అంటోంది. ఎవరి మాట నమ్మను, నూరిస్‌దా, నిన్నటిదాకా పేరూ ఊరూ లేని ఈవిడదా? ఒకవేళ అప్పుడు ఏడుస్తూ నవ్వుతున్నానని రాసిందా, నేను రాసింది సగమే విన్నానా?  పక్కావిడ ఒంగి తొంగి చూసినట్టుంది, చెవి దగ్గర ఊపిరి తగిలింది.

"విచారం కాదు నాయనా, ఎండ కళ్ళలో పడుతోంది, అంతే" అంది. "మంచి కళ గల మనిషి. మీ ఆవిడా?"

"కాదండీ. అంటే... తెలిసినావిడ."

"ఊఁ. తెలిసినావిడ." ఆ ఊఁ లో ఒక ఊరంతా ఉంది. "నా పేరు బెత్సాబే. ఏదో వెతుక్కుంటున్నట్టున్నావు, ఇలా ఇవ్వు, నాకు కళ్ళున్నాయి కదా."

ఇవ్వకూడదు. ఆ సంగతి నాకు తెలుసు, చూపులేని ప్రతివాడికీ తెలుసు. మా ఫోనులో ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది, చూపున్నవాళ్ళు అలవాటుగా ఒక్కసారి తాకి, తెరుచుకోలేదని ఇంకోచోట తాకి, అది చదువుతూ పోతుంటే బెదిరిపోతారు. చెప్పేలోపే లాగేసుకుంది. "గడియారము." "గణనయంత్రము." "తమ చరవాణి సురక్షితముగా ఉన్నది." "ఓరి నాయనో, ఎక్కడ ముట్టుకున్నా మాట్లాడుతోందేమిటి!" అంది డోన్యా బెత్సాబే, వెనక సీట్లో బొంగురు గొంతువాడు "అత్తా, మీ కోడలేమో చూసుకోండి!" అన్నాడు, నలుగురు నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే, ఆవిడ ఫోను ఆనించిన నా ఒళ్ళో పెట్టె మీద సన్నటి వణుకు తెలిసింది. వచ్చింది. 

"నూరిస్ నుండి సందేశము" అంది ఫోను, బస్సంతటికీ.

పేరు చెప్పేసింది. మూడేళ్ళుగా నేను నా చెల్లెలి ముందు కూడా పలకని పేరు. సోలెదాద్ బస్సు ఇది, డోన్యా నీంఫాతో కలిసి శనివారం ప్రార్థనకి పోయేవాళ్ళలో ఒక్కరైనా ఇందులో ఉండకపోరు. ఇలా ఇవ్వండి, ఇచ్చెయ్యండి అని చెయ్యి చాపాను, ఆవిడ కంగారులో ఇంకోసారి తాకింది, కాదు రెండుసార్లు తట్టింది, సరిగ్గా ఆ ఒక్కచోటే సరిగ్గా తట్టింది, జడ్జీగారి భార్య గొంతు సవరించుకున్నట్టు ఒక క్షణం ఆగి చదవడం మొదలెట్టింది. "ఎలియేసెర్. పొద్దున్నుంచి రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఆదివారం నువ్వడిగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది. కానీ ఒక్క మాట నన్ను పట్టి ఆపుతోంది." అక్కడ ఆగింది. "సందేశము ఇంకను కలదు."

నవ్వులు ఆగిపోయాయి. డ్రైవర్ పాట తగ్గించాడు, నేను అడగలేదు. "అసలు దగ్గరికొచ్చి ఆపేసిందేమిటి!" అన్నాడు బొంగురు గొంతువాడు, ఈసారి వెక్కిరింత లేదు. ఎవరో ఆడమనిషి "ష్" అంది. నేను ఫోను లాక్కున్నాను, ఆపుదామని, కసిగా ఆపుదామని, ఎక్కడ తడితే ఆగుతుందో తెలిస్తే కదా. నా వేలు పాత చోటికే పోయింది, ఒకప్పుడు ఆపే చోటుకి. ఇప్పుడది ముందుకు చదివే చోటట. అకార్డియన్ తిత్తిలో చిల్లి పడితే వేలు పెట్టి మూస్తాను, ఇక్కడ వేలు పెట్టినకొద్దీ తెరుచుకుంటోంది.

"కిందటి మార్చిలో నీకొక ఉత్తరం రాశాను, గుర్తుందా. రెండు సాయంత్రాలు పట్టింది రాయడానికి. నువ్వు మా గుమ్మం ముందు బల్ల మీద కొబ్బరన్నం తింటూ విన్నావు. అత్తయ్య లోపల ఉంది, నేను కిటికీలోంచి చూస్తున్నాను. నీ ఫోను గబగబా ఏదో అరిచింది. ముద్ద మింగేలోపు అయిపోయింది. నువ్వు చెయ్యి కడుక్కుని, బాగుంది, అన్నావు. ఎలీ, అందులో మా ఆయన చనిపోయిన ఏడాదే నా కడుపులో పోయిన బిడ్డ గురించి రాశాను. ఏం బాగుంది?"

నాకు కొబ్బరన్నం గుర్తుంది. అడుగు మాడిన భాగం పెట్టింది, నాకిష్టమని. ఉత్తరం గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కాదు, బిడ్డ అనే మాట చెవిన పడ్డట్టే ఉంది, వాళ్ళక్క సంగతి అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను, లేక అసలేమీ అనుకోలేదేమో, వేగంగా వచ్చింది వేగంగా పోయింది. ఎంత చెవి నాది, పాటలో మూడో రీడు దిగిందని పట్టే చెవి. సిగ్గుతో ఒళ్ళంతా మంటెత్తింది. బస్సులో ఇరవైమంది విన్నారు, ఆమె అత్తగారికీ చెప్పుకోని మాట ఇరవైమంది విన్నారు, వాళ్ళంతా నాకన్నా ముందు, నాకన్నా బాగా విన్నారు. డోన్యా బెత్సాబే నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యిని అలాగే ఉండనిచ్చాను.

"నీ ఇంటికొస్తే నా మాటలూ అలాగే వింటావా అని నా భయం" అని చదువుతోంది జడ్జీగారి భార్య, ఆ మర్యాద, ఆ నిదానం, ఇప్పుడామె గొంతు నాకు పరాయిగా అనిపించలేదు, పరాయిగా అనిపించాల్సింది నేను. "అందుకే చోటు ఇక్కడ రాస్తున్నాను, మధ్యలో. నువ్వు చివరి ముక్క విని ఊరుకుంటావని నాకు తెలుసు. పాత ఐస్ ఫ్యాక్టరీ స్టాపులో కూర్చున్నాను. నువ్వు శుక్రవారం ఎక్కే బస్సు తొమ్మిదిన్నరకి ఇటు వస్తుంది. విన్నవాడివైతే దిగుతావు. లేకపోతే బస్సు నా ముందు నుంచి పోతుంది, నేను లేచి ఇంటికెళ్ళిపోతాను, నీ మీద కోపం పెట్టుకోను. అత్తయ్యకి నిన్న రెండు మాత్రలు మార్చారు, నిద్ర పడుతోంది. గాలి ఎక్కువగా ఉంది, టోపీ జాగ్రత్త."

అంతే. చివరి ముక్క టోపీ. పాత వేగంలో అయితే అదొక్కటే విని, టోపీ సర్దుకుని, నా మీద ప్రేమేలే అనుకుని హాయిగా ముందుకు పోయేవాణ్ణి.

"ఐస్ ఫ్యాక్టరీ!" డ్రైవర్ అరిచాడు. "ఐస్ ఫ్యాక్టరీ ఇప్పుడే కదా దాటాం!"

"ఆపరా నాయనా, ఆపు!" డోన్యా బెత్సాబే లేచి నిలబడ్డట్టుంది, వేరుశనక్కాయల సంచీ నా భుజానికి తగిలింది. "బల్ల మీద ఆకుపచ్చ గౌను వేసుకుని ఒకావిడ ఉంది, నేను చూశాను, ఆవిడేనా? ఎవరైనా చూశారా?" "లేచింది, నడుస్తోంది!" అంది వెనక ఎవరో. "అటు, మార్కెట్ వైపు!" అందరూ ఒకేసారి అరుస్తున్నారు, కుడి అని ఒకరు, ఎడమ అని ఒకరు, బ్రేకు పడింది, నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది, పెట్టె జారింది, బొంగురు గొంతువాడు పట్టుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుంది మాస్టారూ, మీరు పదండి, పదండి!" ఎవరిదో చెయ్యి నా చంకలోంచి లేపింది, ఇంకెవరిదో చెయ్యి కర్రని నా గుప్పిట్లో పెట్టింది, మెట్లు, ఒకటి, రెండు, మూడోది కాలికి అందలేదు, రోడ్డు. ఫోను సీట్లోనే ఉండిపోయింది. వెనక్కి పోతే బాగుండు, కాదు, పోకూడదు.

ఎటు? బస్సు ఎటు తిరిగి ఆగిందో తెలియదు. గాలి ముఖం మీద కొడుతోంది, అంటే నదివైపు, అంటే స్టాపు నా వీపు వెనక, లేదా ఆ గాలి బస్సు చాటు నుంచి మళ్ళి వస్తోందా, మోటార్‌సైకిళ్ళు రెండు పక్కలా పోతున్నాయి. మార్కెట్ వైపంటే కుడా, బస్సులోవాళ్ళకి కుడా, నాకు కుడా? కర్ర దేనికో తగిలింది, పళ్ళరసం బండి, "జాగ్రత్త బాబూ" అన్నారు. ఇంత దగ్గరకొచ్చి, ఆమె నాకేసి వీపు తిప్పి నడుస్తుండగా, నేనిక్కడ బొంగరంలా తిరుగుతున్నాను. ఏడుపొచ్చింది, నిజంగా ఏడుపొచ్చింది. అప్పుడు నోరు తెరిచాను. మూడేళ్ళు చిమ్మెట రొదలో దాచుకున్న పేరుని నడిరోడ్డు మీద, చేపలమ్మేవాళ్ళలా, ఒళ్ళంతా గొంతు చేసుకుని అరిచాను. "నూరీస్!" ఎవరైనా వింటారనే ఆలోచన కూడా రాలేదు. మళ్ళీ అరిచాను. రెండోసారి అరిచాక హారన్లు కూడా ఆగినట్టనిపించింది.

"అరవకు" అంది. నాలుగడుగుల దూరంలో. ఆయాసపడుతోంది, పరిగెత్తుకొచ్చినట్టుంది.

నేను నిలబడ్డాను. తను నిలబడింది. బస్సు ఇంజను మా వెనక ఊగుతూనే ఉంది, కదల్లేదు.

"విన్నావా?" అంది.

"విన్నాను." అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో. ఆపలేకపోయాను. "నేనొక్కణ్ణే కాదు. ఫోను పాడైంది, పాడవలేదు, కొత్తగా మారింది, నాకు చేతకాలేదు. బస్సంతా విన్నది నూరిస్. నీ పేరు కూడా. బిడ్డ సంగతి కూడా. మీ అత్తగారికి సాయంత్రంలోపే చేరుతుంది. నన్ను తిట్టు." ఇంకా ఏదో చెప్పాలి, మార్చిలో చెప్పాల్సింది. "ఆడపిల్లా, మగపిల్లాడా?"

చాలాసేపు ఏమీ అనలేదు. ఆ చాలాసేపుని నేను వేలితో దాటెయ్యలేదు, నిలబడి విన్నాను, ముక్కు ఎగబీల్చిన చప్పుడు, గౌను గాలికి కొట్టుకుంటున్న చప్పుడు.

"ఆడపిల్ల" అంది.

ఇక నడవాలి కదా, ఎటైనా. మూడేళ్ళుగా వీధిలో నేను ఆమె మోచేయి పట్టుకునే నడిచాను, చూసినవాళ్ళు చూపులేనివాణ్ణి రోడ్డు దాటిస్తున్న మంచి ఇల్లాలనుకునేవాళ్ళు, మేమూ అనుకోనిచ్చాం. అలవాటు కొద్దీ మోచేతి కోసం చెయ్యి చాపాను. ఆమె మోచేయి వెనక్కి లాగేసుకుంది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు సూదిపోట్లతో గరుకెక్కిన అయిదు వేళ్ళు వచ్చి నా అయిదు వేళ్ళ మధ్య దూరాయి, గట్టిగా, బస్సు కిటికీలన్నీ చూస్తుండగా.